ఆ నల్లటి ఫిల్టర్ నాది కాదు

పోయిన నెల కారు సర్వీసుకి ఇచ్చి ఆఫీసుకి వచ్చేశాను. పదకొండు దాటాక సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేశాడు. గొంతునిండా మర్యాద, కాస్త జాలి కూడా. "సార్, మీ ఏసీ ఫిల్టర్ చాలా దారుణంగా ఉంది సార్. వాట్సాప్‌లో ఫోటో పెట్టాను, ఒక్కసారి చూడండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా సార్?"

చూశాను. దారుణంగానే ఉంది. మడతల నిండా నల్లటి మట్టి, ఒక మూల ఎండిన ఆకు, ఇంకో మూల ఏదో పురుగు రెక్క. వంటింట్లో మసిగుడ్డ దానికంటే నయం. పిల్లలున్న ఏ తండ్రయినా "మార్చేయండి బాబూ" అంటాడు. రెండేళ్ళ కిందటి దాకా నేనూ అలాగే అంటూ వచ్చాను.

ఈసారి చిక్కేమిటంటే, అంతకు మూడు వారాల ముందే ఆ ఫిల్టర్ నేనే మార్చాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, ఆదివారం పొద్దున, టీ చల్లారేలోపు. మార్చి, దాని అంచు మీద మార్కర్‌తో తేదీ కూడా రాశాను. ఫోటోలో ఉన్నదానికి తేదీ లేదు.

"అంచు కనపడేలా ఇంకో ఫోటో తీసి పంపుతారా?" అన్నాను.

అటువైపు మాట లేదు. వెనకాల నట్లు విప్పే గన్ను మోత మాత్రం వినపడుతోంది. "ఒక్క నిమిషం సార్" అని పెట్టేశాడు. పావుగంటకి మెసేజ్: "సారీ సార్, వేరే బండిది పొరపాటున వచ్చింది. మీది ఓకే సార్."

పొరపాటే అయి ఉండొచ్చు. అన్ని బండ్లు ఎక్కి దిగే చోట ఫోటోలు తారుమారు కావడం వింతేమీ కాదు. నా బాధ ఆ ఒక్క ఫోటో గురించి కాదు. అంతకుముందు వచ్చిన ఫోటోలన్నీ ఎవరి బండివో నాకు తెలియదే, అదీ బాధ.

మాది మామూలు హ్యాచ్‌బ్యాక్, ఏడేళ్ళది. కంపెనీ పేరు చెప్పను. చెబితే సర్వీస్ సెంటర్ ఏదో విజయవాడ వాళ్ళు ఇట్టే పట్టేస్తారు, నాకేమో ఆ కుర్రాడి మీద కోపం లేదు. అడ్వైజర్ల నెత్తిన నెలనెలా టార్గెట్లుంటాయి. ఏసీ డిసిన్ఫెక్షన్, ఇంజన్ డీకార్బనైజింగ్, అండర్‌బాడీ కోటింగ్, ఆ వరసలో అన్నిటికంటే తేలిగ్గా అమ్ముడుపోయేది ఈ ఫిల్టరే. ఫోటోకి బాగా వస్తుంది మరి. వీల్ బేరింగ్ ఫోటో పెట్టి ఎవర్ని భయపెడతారు?

అందుకే అంటున్నాను, ఈ ఒక్క పని మాత్రం ఇంట్లోనే చేసుకోండి అని. డబ్బు మిగులుతుందని కాదు. మిగిలేది మహా అయితే ఓ మూడొందలు, అది బెంజి సర్కిల్ దగ్గర ఒక పూట టిఫిన్ల ఖర్చు. నేను చెప్పేది వేరే. ఫిల్టర్ ఎలా ఉందో మన కళ్ళతో మనం చూడాలి, మార్చాలా వద్దా అన్నది మనమే తేల్చుకోవాలి. దానికి పనిముట్లు అక్కర్లేదు, జాక్ అక్కర్లేదు, చొక్కాకి గ్రీజు అంటదు. ఇంత సులువైన పనిలోనే మనకి చూసే ఓపిక లేకపోతే, క్లచ్ ప్లేటు అరిగిందన్న మాటని ఏ ధైర్యంతో నిలదీస్తాం?

నేను మొదలుపెట్టిన తీరు మాత్రం అంత గొప్పగా లేదు. రెండేళ్ళ కిందటి ఎండాకాలం. మా ఆఫీసు కొండపల్లి పారిశ్రామికవాడలో. భవానీపురం నుంచి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా రోజూ రానూపోనూ. ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు, థర్మల్ కేంద్రం బూడిద టిప్పర్లు ఎలా పోతాయో. టార్పాలిన్ కడితే కట్టినట్టు, లేకపోతే లేదు. ముందు టిప్పరు ఉంటే అద్దం మీద సన్నటి తెల్లపొడి పడుతుంది, వైపర్ వేస్తే విభూతి రేఖలు. ఆ బూడిదలో అరమైక్రాన్ రేణువు నుంచి వంద మైక్రాన్ల రేణువు దాకా అన్నీ ఉంటాయి. మన వెంట్రుక మందం యాభై, డెబ్భై మైక్రాన్లు. అంటే వెంట్రుక కంటే లావువి కొన్ని, అందులో నూరోవంతు ఉన్నవి కొన్ని.

ఆ మే నెలలో బ్లోవర్ నాలుగులో పెడితే మోత తప్ప గాలి లేదు. తుఫాను హోరు వినిపిస్తుంది, చెంపకి మాత్రం ఏమీ తగలదు. సర్వీస్ సెంటర్లో చూసి, ఇవాపొరేటర్ (ఏసీలో గాలిని చల్లబరిచే భాగం) జామ్ అయిందన్నారు. డ్యాష్‌బోర్డ్ మొత్తం దింపాలట. ఎస్టిమేట్ వేలల్లో. ఆలోచించి చెబుతానని వచ్చేశాను. ఆ సాయంత్రం పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం గ్లవ్ బాక్స్‌లో వెతుకుతుంటే ఓనర్స్ మాన్యువల్ చేతికొచ్చింది. ప్లాస్టిక్ కవర్ కూడా పూర్తిగా చింపలేదు దానికి. ఆ పుస్తకంలో ఏసీ ఫిల్టర్ ఎలా మార్చుకోవాలో బొమ్మలతో సహా వేశారు. నాలుగు బొమ్మలు. నా పేరుమీద కొన్న బండి, నాకిచ్చిన పుస్తకం, నాలుగేళ్ళకు పైగా నా మోకాళ్ళకి ఎదురుగా ఉంది.

బొమ్మలు చూసి ఊడదీశాను. బయటికి వచ్చింది ఫిల్టరని ఒప్పుకోవడానికి కొంత టైము పట్టింది. పైన వేపాకులు, ఎండిన వేపపువ్వు (ఆఫీసులో వేపచెట్టు కింద పెడతాం బండ్లు), వాటి కింద మెత్తటి బూడిదరంగు పొర. ఒక పక్క వేరుశెనగ తొక్కలు. అవి గాలికి వచ్చినవి కావు, ఏదో ఎలక అక్కడ కాపురం పెట్టే ఆలోచన చేసింది. ఆ ముందు సర్వీసు జాబ్ కార్డ్ తీసి చూస్తే, క్యాబిన్ ఫిల్టర్ (ఏసీ ఫిల్టర్‌కే ఇంకో పేరు) అన్న వరసలో పక్కన శుభ్రంగా టిక్కు కొట్టి ఉంది.

ఫిల్టర్ లేకుండానే మూత పెట్టి, బ్లోవర్ వేశాను. ఫాస్టాగ్ రాకముందు కీసర టోల్‌గేట్ దగ్గర తీసుకున్న రసీదులు సీటు మీంచి లేచి వెనక్కి ఎగిరాయి. ఇవాపొరేటర్‌కి ఏమీ కాలేదు.

ఏసీ గాలి తగ్గిందని ఎవరన్నా ఇవాపొరేటర్ అన్నా, బ్లోవర్ మోటార్ అన్నా, ముందు చేయాల్సింది ఇదే. ఫిల్టర్ తీసేసి ఒక్క నిమిషం బ్లోవర్ వేసి చూడండి. గాలి దూసుకొస్తే దోషం ఫిల్టర్‌దే. తీసినా అంతేనంటే అప్పుడు మెకానిక్ మాట వినండి. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, కానీ నాకు తెలిసి ఎవరూ చేయరు.

ఇంతకీ దీన్ని మనం ఏసీ ఫిల్టర్ అంటాం గానీ ఏసీ వేయకపోయినా దీనికి పనే. వైపర్ల కింద జాలీ ఉంటుంది చూశారూ, బయటి గాలి అక్కడినుంచి లోపలికొస్తుంది. బ్లోవర్ దాన్ని లాగి వెంట్లలోంచి మన మొహం మీదికి తోస్తుంది. ఆ దారిలో చాలా కార్లలో బ్లోవర్‌కి ముందు ఈ ఫిల్టర్ అడ్డంగా ఉంటుంది. లోపలి గాలే తిరిగేలా రీసర్క్యులేషన్ బటన్ నొక్కినా ఎక్కువ కార్లలో అదీ దీని గుండానే పోవాలి. బానెట్ కింద ఇంకో ఎయిర్ ఫిల్టర్ ఉంటుంది, అది ఇంజన్ ఊపిరికి. రెండూ కలిపి "ఎయిర్ ఫిల్టర్ మార్చాం సార్" అంటే ఏది మార్చారని అడగండి.

ఇక మార్చే పద్ధతి. మా బండిలో ఎలాగో చెబుతాను, మారుతి స్విఫ్ట్, బాలెనో, హ్యుందాయ్ ఐ10, ఐ20, హోండా సిటీ, ఇన్నోవా, వీటన్నిటిలో కూడా ఉండేది గ్లవ్ బాక్స్ వెనకే. డబ్బా దింపే పద్ధతి మాత్రం కాస్త అటూ ఇటూ. ఫోక్స్‌వాగన్ పోలో లాంటి వాటిలో గ్లవ్ బాక్స్ కిందినుంచి, కాళ్ళు పెట్టుకునే చోట తల దూర్చి చూడాలి. కొన్నిటిలో బానెట్ కింద వైపర్ల దగ్గర.

ముందు బండి ఆపేయండి, తాళంచెవి జేబులో పెట్టుకోండి. తర్వాత గ్లవ్ బాక్స్ ఖాళీ చేయాలి. నిజం చెప్పాలంటే మొత్తం పనిలో ఎక్కువ టైము పట్టేది దీనికే. ఇన్సూరెన్స్ కాగితాలు, కాలం చెల్లిన పొల్యూషన్ సర్టిఫికెట్లు, ఒక కాడ విరిగిన కూలింగ్ గ్లాసులు, దుర్గమ్మ కుంకుమ పొట్లం, ఎప్పటివో మింట్ బిళ్ళలు. అన్నీ సీటు మీద పెట్టేశాక డబ్బా లోపలి గోడలు చూడండి. కుడివైపొకటి, ఎడమవైపొకటి బొటనవేలంత ప్లాస్టిక్ బిరడాలుంటాయి. డబ్బా ఒక హద్దు దాటి తెరుచుకోకుండా ఆపేవి అవే. కొద్దిగా తిప్పి లాగితే వచ్చేస్తాయి. ఇంకో పక్క సన్నటి తాడు ఒకటి ఉంటుంది, డబ్బా దభీమని పడకుండా మెల్లగా దించడానికి. దాని కొక్కెం తప్పించాలి.

మొదటిసారి నేను ఆ తాడు సంగతి చూసుకోలేదు. ఇరుక్కుందేమోనని ఒక లాగు లాగాను. కొక్కెం టప్‌మని విరిగింది. అప్పటినుంచి ఆరు నెలలపాటు మా ఆవిడ ముందు సీట్లో కూచుని గ్లవ్ బాక్స్ తెరిచినప్పుడల్లా అది ఆవిడ మోకాళ్ళ మీద దబ్బున పడేది. పడినప్పుడల్లా నావైపు ఒక చూపు. ఆ చూపుతో పోలిస్తే సర్వీస్ సెంటర్ లేబర్ ఛార్జీ చౌకే అనిపించింది.

డబ్బా కిందికి వేలాడాక వెనకాల నల్లటి ప్లాస్టిక్ పెట్టె కనిపిస్తుంది, దానికి జానెడు పొడవు మూత. మూతకి పక్కనే నొక్కుడు లాక్. నొక్కి లాగితే మూత, దాని వెనక సొరుగులా ఫిల్టర్ అంచు. ఇక్కడ రెండు పనులు మర్చిపోవద్దు. కింద మ్యాట్ మీద పాత న్యూస్‌పేపర్ పరవండి. ఫిల్టర్‌ని లాగకముందే ఫోన్‌తో ఒక ఫోటో తీయండి, ఏ వైపు పైకి ఉందో, బాణం గుర్తు ఎటు చూస్తోందో తర్వాత తగువు లేకుండా. అప్పుడు అడ్డంగా, నెమ్మదిగా, వంచకుండా లాగాలి. విసురుగా లాగితే పైనున్న ఆకులన్నీ కిందున్న బ్లోవర్‌లోకి జారతాయి. ఆ తర్వాత బ్లోవర్ వేసినప్పుడల్లా సైకిల్ చక్రానికి అట్టముక్క పెట్టినట్టు టకటకలు.

ఖాళీ అయిన గూటిని తడిగుడ్డతో తుడవండి, వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే ఇంకా మంచిది. గాలి మాత్రం ఊదకండి. కొత్త ఫిల్టర్ అంచుమీద ఎయిర్ ఫ్లో అని రాసి బాణం ఉంటుంది. అది గాలి పోయే దిక్కు. మా బండిలో గాలి పైనుంచి బ్లోవర్‌లోకి దిగుతుంది కాబట్టి బాణం కిందికి. తోసి, మూత పెట్టి, టిక్ అనే దాకా నొక్కాలి. ఆ టిక్ వినకుండా వదిలేస్తే చిన్న సందు మిగులుతుంది, గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని ఆ సందులోంచే పోతుంది, పైగా ఈల వేస్తుంది. నేను ఒకసారి గుంటూరు దాకా ఆ ఈల వింటూ వెళ్ళాను, టైరులోంచి గాలి పోతోందేమోనని కాజ దగ్గర దిగి మరీ చూశాను.

మా బావమరిది నా మాట విని తన బండికి తనే మార్చుకున్నాడు. రాత్రి ఫోన్. "బావా, గాలే రావట్లేదు, వాడెవడో డూప్లికేట్ అంటగట్టినట్టున్నాడు." మర్నాడు వెళ్ళి తీసి చూస్తే ఫిల్టర్ చుట్టూ పాలిథిన్ కవర్ అలాగే ఉంది. వాడు బీటెక్ మెకానికల్. పేరు రాయనని మాటిచ్చాను.

ఫిల్టర్ ఎక్కడ కొనాలంటే, విజయవాడలో ఉన్నవాళ్ళకి ఆటోనగర్ ఉండగా ఆ ప్రశ్నే లేదు. హైదరాబాద్ వాళ్ళకి రాణీగంజ్ ఉంది. పాతది కవర్లో చుట్టి పట్టుకెళ్ళండి. ఒకే పేరున్న కారుకి ఫేస్‌లిఫ్ట్ తర్వాత ఫిల్టర్ సైజు మారిపోయిన సందర్భాలున్నాయి, షాపులో పాతదాని పక్కన పెట్టి కొలిస్తే మళ్ళీ తిరగక్కర్లేదు. మామూలు తెల్ల ఫిల్టర్ నాకు మూడొందల లోపు పడుతోంది. నల్లగా, బూడిదరంగులో ఉండే కార్బన్ ఫిల్టర్ దానికి రెట్టింపు. కార్బన్ పొర ఉన్నది వాసనల కోసం, లారీ పొగ, మురుగుకాల్వ కంపు, అలాంటివాటికి. దుమ్ము పట్టేది అందులో ఉన్న మామూలు పొరే. నా లెక్క ఏమిటంటే ఖరీదైనది ఏడాదికి ఒకటి కంటే చవకది ఏడాదికి రెండు నయం. గుంటూరు మిర్చియార్డ్ పక్కన రోజూ తిరిగేవాళ్ళు నాతో ఒప్పుకోకపోవచ్చు, ఆ ఘాటుకి ఏం చేసినా తక్కువే.

ఈ మధ్య నాలుగొందల ఫిల్టర్ మీద కూడా హెపా అన్న స్టిక్కరు కనిపిస్తోంది. అసలైన హెపా అంటే 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపాలి. అంత దట్టమైన పొర గుండా గాలిని నెట్టాలంటే దానికి తగ్గ మందం కావాలి, తగ్గ బ్లోవర్ కావాలి. రెండు వేళ్ళ మందం ఉన్న ఈ అట్టముక్క ఆ పని చేస్తుందంటే నేను నమ్మను.

"కొత్తది ఎందుకు సార్, గాలి కొట్టి పెట్టేస్తాం" అనే మెకానిక్కులు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఫిల్టర్‌ని జల్లెడ అనుకుంటే ఆ మాట సబబే. జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్నది దులిపితే పోతుంది. కానీ ఇది జల్లెడ కాదు. చూడటానికి కాగితంలా ఉంటుంది గానీ ఎక్కువ వాటిలో సన్నటి ప్లాస్టిక్ పోగుల దూది. ఆ పోగులకి తయారీలోనే విద్యుదావేశం ఎక్కిస్తారు. చిన్నప్పుడు తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగేది గుర్తుందా? అదే కిటుకు. సందు కంటే చిన్నదైన రేణువు కూడా పక్కనుంచి పోతూ పోతూ పోగుకి అతుక్కుపోతుంది. వాడుతున్న కొద్దీ దుమ్ము కమ్మి ఆ ఆకర్షణ తగ్గుతుంది, దాన్ని మళ్ళీ మనం ఎక్కించలేం. కంప్రెసర్ గాలి కొడితే పైమట్టి రాలుతుంది, సన్నటిది ఇంకా లోపలికి దిగుతుంది, పోగులు అక్కడక్కడ చిరుగుతాయి. కంటికి శుభ్రంగా కనపడుతుంది కాబట్టి మనం సంతోషంగా ఇంటికొస్తాం. సర్ఫ్‌లో నానబెట్టి ఉతికి ఎండేసిన వాళ్ళు కూడా నాకు తెలుసు. నాకు నోరు పెగల్లేదు.

ఇప్పుడు నా వాదనకి నేనే ఒక అడ్డం వేయాలి. నల్లబడ్డ ఫిల్టర్ చూసి హడలిపోవడం కూడా తప్పే. "ఇదంతా మీ ఊపిరితిత్తుల్లోకి పోయేది సార్" అంటారు. లెక్క వేసి చూడండి. ఊరికే కూచున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. నా నలభై నిమిషాల దారిలో మూడొందల లీటర్లు అనుకుందాం. అదే నలభై నిమిషాల్లో బ్లోవర్ ఆ ఫిల్టర్ గుండా లాగేది లక్ష లీటర్ల పైమాటే. అంటే ఫిల్టర్ మీదున్న మట్టిలో నా వాటా మూడొందల్లో ఒక వంతు కూడా కాదు. పైగా కంటికి కనపడే ఆకులు, మట్టిగడ్డలు మనకి హాని చేసేవి కావు, అవి ముక్కు దాకా కూడా రావు. హాని చేసేది కంటికి కనపడని 2.5 మైక్రాన్ల లోపు ధూళి. దానికి ఏడాది సగటు మన దేశ ప్రమాణం ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టుకున్న గీత 5. రెండింటికీ మధ్య ఎంత దూరముందో చూడండి. గాలి బాగోలేని ఊళ్ళంటూ 2019లో కేంద్రం మొదలుపెట్టిన శుద్ధగాలి కార్యక్రమం జాబితాలో మా విజయవాడ కూడా ఉంది. కాబట్టి ఫిల్టర్ అక్కర్లేదని నేను అనట్లేదు. రంగు చూసి తీర్పు చెప్పొద్దంటున్నాను. మాసిన ఫిల్టర్ పని చేస్తున్న ఫిల్టర్ కూడా కావచ్చు. గాలి ఎంత వస్తోంది, అదీ చూడాల్సింది. కంపెనీలు పదిహేను, ఇరవై వేల కిలోమీటర్లకో ఏడాదికో అంటాయి, దుమ్ము రోడ్లయితే ఇంకా ముందే అని పక్కన రాస్తాయి. బూడిద రోడ్డు మీద నాకు ఆరేడు నెలలు వస్తోంది. హైదరాబాద్‌లో వారానికి రెండు రోజులే బండి తీసే మా అన్నయ్యకి ఏడాదిన్నర దాటినా బాగానే ఉంది, నేనే తీసి చూసి మళ్ళీ పెట్టేశాను. ఇంకో చేతిలో అయితే అది కచ్చితంగా మారిపోయేది.

నా మాట వినని వాళ్ళ వాదనలు మూడు రకాలు. మొదటిది టైము. పది నిమిషాల పనికి టైము లేదనేవాళ్ళు సర్వీస్ సెంటర్ సోఫాలో రెండు గంటలు టీవీ చూస్తూ కూచుంటారు. రెండోది వారంటీ. మాన్యువల్‌లో బొమ్మలేసి మరీ చూపించిన పని చేస్తే వారంటీ ఎందుకు పోతుంది? బిల్లు దాచుకోండి, టెన్షన్ తీరిపోతుంది.

మూడోది మా ఆఫీసులో ఒకాయన అన్నది. "అందరూ ఇలా ఎవరి పని వాళ్ళే చేసుకుంటే మెకానిక్కులు ఏం తినాలండీ?" ఈ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచిస్తే మా నాన్న గుర్తొచ్చారు. ఆయనకి చేతక్ స్కూటర్ ఉండేది. స్టార్ట్ కాకపోతే ఒక పక్కకి వాల్చి, లేపి, మళ్ళీ కిక్ కొట్టేవారు. అప్పటికీ వినకపోతే ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దేవారు. ఆయన గొప్ప మెకానిక్ అని కాదు, ఆ స్కూటర్ అంత మొరాయించేది, వేరే దారి లేదు. అలాగని మెకానిక్ దగ్గరికి వెళ్ళకుండానూ లేరు. నెలకోసారి షెడ్డుకి వెళ్ళేవారు, స్టూలు మీద కూచుని చివరిదాకా చూసేవారు, స్పానర్ అందించేవారు. "ఈ కేబుల్ ఇంకో నెల ఆగుతుంది లెండి" అని మెకానిక్కే చెప్పేవాడు. ఇద్దరూ ఒకే వస్తువుని చూస్తూ మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు మనకీ మన బండికీ మధ్య అద్దం గోడ ఉంది. ఇవతల కాఫీ మెషీన్, అవతల బండి, మధ్యలో వాట్సాప్ ఫోటో. నా పేచీ ఆ గోడతోనే. ఆటోనగర్లో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు, బ్రేకులకి, సస్పెన్షన్‌కి ఇప్పటికీ ఆయన దగ్గరికే. ఫిల్టర్ నేనే మార్చుకుంటున్నానంటే నవ్వి, "మంచిదే, దానికి డబ్బులడగాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది" అన్నాడు.

ఫిల్టర్ మార్చినా తీరనివి కొన్నున్నాయి, వాటికోసం ఫిల్టర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏసీ వేయగానే తడి సాక్సుల వాసన వస్తే అది చాలాసార్లు ఇవాపొరేటర్ మీద పెరిగిన బూజుది. గాలి బాగా వస్తూ చల్లదనం లేకపోతే గ్యాసో, కంప్రెసరో చూపించాలి. దుమ్ముకి భయపడి రీసర్క్యులేషన్‌లోనే ఉంచి అద్దాలన్నీ మూసి నలుగురు ప్రయాణం చేస్తే, మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుంటుంది. బయట 420 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 420 వంతులు) దగ్గర ఉండేది లోపల అరగంటకే వేలల్లోకి పోతుంది, డ్రైవరుకి ఆవలింతలు మొదలవుతాయి. మధ్యమధ్య బయటి గాలి తీసుకోండి, ఫిల్టర్ ఉన్నది అందుకే కదా. ఇంకొకటి, ఇది నవ్వులాట కాదు. కార్బన్ ఫిల్టరైనా సరే కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపలేదు. మూసిన షెడ్డులో ఇంజన్, ఏసీ నడుస్తుండగా కార్లో పడుకుంటే ప్రాణం పోతుంది, ఏ ఫిల్టరూ అడ్డుపడదు.

మా పై ఫ్లాట్‌లో రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. నేను సెల్లార్లో గ్లవ్ బాక్స్ ఊడదీసి కూచోవడం రెండుసార్లు చూసి, మూడోసారి ఆగారు. "మా బండికి కూడా కాస్త చూసి పెడతావా?" అన్నారు. చిన్న కారు, అన్నిటికంటే కింది వేరియంట్, ఆరేళ్ళది. మూత తీసి టార్చ్ వేశాను. గూడు ఖాళీ. ఎవరో తీసేయలేదు, అసలు మొదట్నుంచీ లేదు. కింది వేరియంట్లలో గూడు ఉంచి ఫిల్టర్ ఇవ్వకపోవడం కొన్ని కార్లలో ఉన్నదే.

"ఫిల్టరే లేదండీ" అన్నాను.

"ఆరేళ్ళుగా బాగానే ఉన్నాం కదయ్యా" అన్నారాయన. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్ళీ "సరే, వేయించు, ఎంతవుతుంది?" అన్నారు. ఆటోనగర్లో రెండొందల ఎనభైకి దొరికింది. వేసి ఇచ్చాను. మర్నాడు పొద్దున పాలప్యాకెట్లు పట్టుకుని లిఫ్టు దగ్గర కనిపించారు.

"ఏమయ్యా, గాలి కాస్త తగ్గినట్టుందే?"

తగ్గుతుంది. అడ్డం ఏమీ లేనిచోట అడ్డం పెట్టాం కదా. ఆ మాటే చెప్పాను. లెక్కల మాస్టారు కాబట్టి లక్ష లీటర్ల లెక్క కూడా చెప్పాను. తల పంకించి, "నాలుగు రోజులు చూస్తాను, నచ్చకపోతే తీసేద్దువుగాని" అన్నారు. అది పోయిన సోమవారం. నిన్న లిఫ్టులో మళ్ళీ కలిశారు. ఏసీ సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు.